ప్లాస్టిక్ కర్ర, కన్నాల బంతి, కాసిన్ని రూల్సు

స్వీడన్‌కి వచ్చిన కొత్తల్లో ఆఫీసులో ఒకాయన "బుధవారం సాయంత్రం ఇన్నెబాండీ ఉంది, వస్తావా?" అనడిగాడు. ఏదో బ్యాండ్ మేళం కాబోలనుకుని తలూపాను. బూట్లు తెచ్చుకోమన్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది!

తీరా వెళితే ఓ స్కూలు జిమ్ములో చేతికో ప్లాస్టిక్ కర్ర ఇచ్చారు. చిన్నప్పటి హాకీ గుర్తొచ్చి, బంతి లాక్కోడానికి మా మేనేజరు కర్ర మీద ఒక్కటిచ్చాను. ఆట ఆగిపోయింది. ఎదుటివాడి కర్రని కొట్టకూడదట, ఎత్తకూడదట, నొక్కకూడదట. ఇదేం ఆటరా బాబూ అనుకున్నాను.

బయటి ప్రపంచం దీన్ని ఫ్లోర్‌బాల్ అంటుంది. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు, చుట్టూ అరమీటరు ఎత్తు బోర్డు. ఒక్కో జట్టుకి ఐదుగురు ఆటగాళ్ళు, ఒక గోలీ. ఆ గోలీకి కర్ర ఉండదు, మామూలుగా మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో, ఒంటితో ఆపుతాడు. బంతి బరువు 23 గ్రాములు, దానికి 26 కన్నాలు.

ఇంతకీ ఇది పుట్టింది స్వీడన్‌లో కాదు. 1950ల చివర్లో అమెరికాలోని మిన్నెసోటాలో కోసమ్ అనే కంపెనీ, పిల్లలు దెబ్బలు తగలకుండా ఆడుకోడానికి ప్లాస్టిక్ హాకీ కర్రలు చేసింది. 1962లో మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో టోర్నమెంటు కూడా జరిగింది. 1960ల చివర్లో ఆ కర్రలు స్వీడన్ చేరాయి. చలికాలం మధ్యాహ్నం మూడున్నరకే చీకటిపడే దేశం కదా, స్కూలు జిమ్ముల్లో ఆట పాకిపోయింది. కానీ ఒక్కో ఊళ్ళో ఒక్కో పద్ధతి!

అసలు మలుపు ఇక్కడే ఉంది. ఒకప్పుడు వెండి గనికి పేరుపడ్డ సాలా అనే చిన్న ఊళ్ళో 1979 సెప్టెంబరులో మొట్టమొదటి క్లబ్బు పెట్టారు. 1981లో ఆ ఊళ్ళోనే స్వీడన్ సమాఖ్య పుట్టింది. రూల్సు కాగితం మీదకొచ్చాయి. అప్పటికే ఫిన్‌లాండ్‌లో సాలిబాండీ అనీ, స్విట్జర్లాండ్‌లో యూనిహాకీ అనీ ఇలాంటి ఆటే ఆడుతున్నారు. ఈ మూడు దేశాలూ కలిసి 1986లో హుస్క్‌వార్నాలో అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి.

పదేళ్ళకి, 1996లో, స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రపంచ పోటీలు. ఫైనల్ చూడ్డానికి 15,106 మంది వచ్చారు. స్వీడన్ 5-0తో ఫిన్‌లాండ్‌ని ఓడించింది. మర్నాటి ఏడే ఆడవాళ్ళ పోటీలూ మొదలయ్యాయి. 2008లో ప్రాగ్‌లో ఫిన్‌లాండ్ 7-6తో బాకీ తీర్చుకుంది. 2011లో ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపునిచ్చింది. ఒలింపిక్స్‌లో చోటు మాత్రం ఇంకా దక్కలేదు.

కర్ర అమెరికాది, పేరు ప్రతిష్ఠలు స్వీడన్‌వి. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, డాక్యుమెంటు రాసినవాడిదే ప్రోగ్రాము.

ఇదంతా మావాడికి చెబుతుంటే "నువ్వు చిన్నప్పుడేం ఆడేవాడివి నాన్నా?" అన్నాడు. బిళ్ళంగోడు అన్నాను. "రూల్సేంటి?" అన్నాడు. బిళ్ళని లేపి కొట్టడం వరకూ చెప్పగలిగాను. దూరం కొలిచేటప్పుడు లెక్క ఎలా కట్టేవాళ్ళమో ఎంతకీ గుర్తు రాలేదు. ఊళ్ళో అన్నయ్యకి ఫోన్ చేస్తే ఆయనొక లెక్క చెప్పాడు. పక్కనుంచి వదిన, మా పుట్టింటి ఊళ్ళో అలా కాదంది. అరగంట వాదన. అవతల బ్యాటు పట్టుకుని వెళ్తున్న అన్నయ్య మనవడికి బిళ్ళంటే ఏంటో కూడా తెలీదట.

నాకు నవ్వొచ్చింది, కాసేపటికి నవ్వు పోయింది. మా ఆట కూడా ఒక సాలా కోసం చూసి చూసి, చివరికి వాదించుకునే వాళ్ళు ముగ్గురే మిగిలాం.

ఆ రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని ఇద్దరి లెక్కలూ రాశాను. పైన మా ఊరి పేరు, కింద వదిన వాళ్ళ ఊరి పేరు. ఏది సరైనదో తేల్చే సమాఖ్య మాకు లేదు మరి. మంచు కరగ్గానే కర్ర చెక్కాలి.