ఈస్ట్రోజెన్ గ్రాహకాలు - రక్తనాళాలు

ఈస్ట్రోజెన్ గ్రాహకాలు అనగా ఈస్ట్రోజెన్ అనే హార్మోనును గుర్తించి, దానితో బంధం ఏర్పరచుకొని, ఆ సందేశాన్ని జీవకణానికి అందజేసే మాంసకృత్తులు. ఇవి గర్భాశయం, రొమ్ము, ఎముకలలోనే గాక గుండెలోను, రక్తనాళాలలోను కూడా ఉన్నాయి. స్త్రీలలో వలెనే పురుషులలోనూ ఉంటాయి. ముట్లుడగక ముందు స్త్రీలకు గుండెజబ్బులు అదే వయసు పురుషులకంటే తక్కువగా రావడానికి వీటి పని ఒక ముఖ్య కారణమని భావిస్తారు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకొనే స్త్రీలు ఎక్కువగా ఉన్న తెలంగాణలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

రకాలు

1958లో అమెరికా శాస్త్రవేత్త ఎల్వుడ్ జెన్సెన్ రేడియోధార్మిక హైడ్రోజన్ కలిపిన ఈస్ట్రోజెన్ సహాయంతో మొదటి గ్రాహకం ఉనికిని చూపాడు. దీనిని నేడు ఆల్ఫా గ్రాహకం అంటారు. 1996లో స్వీడన్‌లో యాన్-ఆకే గుస్టాఫ్‌సన్ బృందం బీటా గ్రాహకాన్ని కనుగొన్నది. మానవులలో ఆల్ఫా గ్రాహకపు జన్యువు 6వ క్రోమోజోము మీద, బీటా గ్రాహకపు జన్యువు 14వ క్రోమోజోము మీద ఉన్నాయి. కణత్వచాలలో ఉండే మూడవ రకం గ్రాహకాన్ని జీపర్ అంటారు.

రక్తనాళాలలో పని చేసే విధానం

రక్తనాళపు లోపలి వైపు ఒకే వరుస కణాలతో ఏర్పడిన పలుచని పొర ఉంటుంది. దీనిని ఎండోథీలియం అంటారు. దాని వెలుపల నునుపు కండరం ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఇక్కడ రెండు విధాలుగా పని చేస్తుంది.

* వేగంగా: కణత్వచం వద్ద ఉన్న ఆల్ఫా గ్రాహకం, నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారు చేసే ఎంజైమును నిమిషాలలో ప్రేరేపిస్తుంది. ఈ వాయువు కండరంలోకి వ్యాపించి దానిని సడలిస్తుంది. నాళం వెడల్పై రక్తం సులువుగా ప్రవహిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.
* నెమ్మదిగా: కేంద్రకంలోని గ్రాహకం డీఎన్ఏతో బంధం ఏర్పరచుకొని కొన్ని జన్యువుల పనిని పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. దీనికి గంటలు, రోజులు పడుతుంది. కాలేయం రక్తంలోని చెడు కొలెస్టెరాల్‌ను ఎక్కువగా తొలగించడం ఇటువంటి ఫలితమే.

బీటా గ్రాహకం లేని ఎలుకలకు వయసుతో పాటు రక్తపు పోటు పెరుగుతుందని 2002లో తేలింది. జన్యులోపం వలన ఆల్ఫా గ్రాహకం పని చేయని ఒక పురుషుని గురించి 1994లో ప్రకటించారు. అతనికి ముప్పయ్యవ పడిలోనే గుండె ధమనులలో కొవ్వు పేరుకొనడం మొదలైనట్లు తరువాత గమనించారు.

ముట్లుడిగిన తరువాత

అండాశయాలు పని మానగానే ఈస్ట్రోజెన్ బాగా తగ్గుతుంది. ధమనులు క్రమంగా బిరుసెక్కుతాయి, చెడు కొలెస్టెరాల్ పెరుగుతుంది. అయితే ఆ హార్మోనును మాత్రల రూపంలో ఇస్తే గుండెకు రక్షణ కలుగుతుందన్న ఆశ పూర్తిగా నెరవేరలేదు. అమెరికాలో 16,608 మంది స్త్రీలపై ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన పరీక్షను 2002లో మధ్యలోనే ఆపివేశారు. మందు తీసుకున్నవారిలో గుండెజబ్బు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ పెరగడమే ఇందుకు కారణం. వారి సగటు వయసు 63 సంవత్సరాలు. అప్పటికే కొవ్వు పేరుకొన్న నాళాలలో హార్మోను మేలు చేయలేదనీ, ముట్లుడిగిన తొలి సంవత్సరాలలో ఫలితం వేరుగా ఉండవచ్చుననీ పలువురు శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కేవలం గుండెజబ్బు రాకుండా ఉండడానికి ఈ మాత్రలను నేడు సిఫారసు చేయరు.

తెలంగాణలో ప్రాముఖ్యం

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా తెలంగాణలో 7.7, ఆంధ్ర ప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి మెట్ట ప్రాంతాలలో కూలి పనికి పోక తప్పని స్త్రీకి అధిక రక్తస్రావం పెద్ద బాధ. "పిల్లలు పుట్టారు గదా, ఇక దానితో పనేముంది" అని ఆపరేషన్‌కు ఒప్పుకొనడం కద్దు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈస్ట్రోజెన్‌ను ప్రధానంగా తయారు చేసేవి అండాశయాలు, గర్భసంచి కాదు. గర్భసంచిని మాత్రమే తీస్తే హార్మోను కొనసాగుతుంది, అయినా ముట్లుడిగే దశ కొంత ముందుగా రావచ్చు. రెండు అండాశయాలనూ తీసివేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. 45 ఏళ్ళలోపు ఇలా జరిగినవారికి గుండెజబ్బు, ఎముకల బలహీనత ఎక్కువగా వస్తాయి. అందువలన వారికి, వేరే ఆటంకం లేనప్పుడు, సహజంగా ముట్లుడిగే వయసు వరకు హార్మోను ఇవ్వాలని వైద్య సంఘాలు సూచిస్తాయి. కనుక ఆపరేషన్‌కు ముందు అండాశయాలను ఉంచుతారా తీస్తారా అని వైద్యుని అడగడం, తరువాత ఆసుపత్రి కాగితాన్ని భద్రపరచడం, రక్తపు పోటు, చక్కెర, కొలెస్టెరాల్ పరీక్షలు చేయించుకొనడం అవసరం.

అనవసర ఆపరేషన్ల నివారణకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు వెలువరించింది. వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.