కర్త ఆమె, క్రియ ఎవరిది?

సాహిత్యం గురించి రాసే మనం కంప్యూటర్ ఆటల వైపు పెద్దగా చూడం. మగపిల్లల కాలక్షేపమని పక్కన పెట్టేస్తాం. కానీ బొమ్మ అనేదే లేకుండా కేవలం వాక్యాలతో నడిచిన ఆటల తరం ఒకటుంది. వాటి చరిత్ర సాహిత్య చరిత్రకి దగ్గరి చుట్టమే. అందులో స్త్రీల కథ కూడా ఉంది. ఎప్పటిలాగే వెనక వరసలో ఉంది.

ఈ ఆటల్ని 'మడ్' అంటారు. మల్టీ యూజర్ డంజన్ అన్న పేరుకి పొట్టిరూపం. తెర మీద కొన్ని వాక్యాలు కనిపిస్తాయి: నువ్వు అడవి అంచున ఉన్నావు, ఉత్తరాన ఒక బాట ఉంది. 'ఉత్తరం' అని టైపు చేస్తే ఇంకో చోటి వర్ణన వస్తుంది. అక్కడ, అదే సమయంలో ఇంకెక్కడి నుంచో ఆడుతున్న మనిషి ఎదురుకావచ్చు. మాట్లాడొచ్చు, కత్తి దూయొచ్చు. అన్నీ మాటల్లోనే.

భద్రాచలం ప్రాంతం వాళ్ళకి ఇది వింతేమీ కాదు. పర్ణశాల దగ్గర వాగులో బండల మీద రంగు చారలు చూపించి, సీతమ్మ చీరలారేసుకున్న చోటు ఇదేనంటారు. రాయి రాయే. మాట దాన్ని ఒక చోటుగా మార్చింది. ఆమె దాటకూడదన్న గీత కూడా అంతే. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ తర్వాతి కథల్లో పుట్టి, ఇవాళ్టికీ ఆడపిల్లల మీద చట్టంలా అమలవుతోంది. మాటలతో కట్టిన లోకంలో దెబ్బలు నిజంగానే తగులుతాయని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మడ్‌కి ముందు ఒక గుహ ఉంది. 1975-76లో విల్ క్రౌదర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 'అడ్వెంచర్' అనే ఆట రాశాడు. కెంటకీలోని మామత్ గుహల్లో ఒక భాగమే అందులోని లోకం. ఆ గుహల్ని అతనితోపాటు కొలిచింది అతని భార్య పెట్రీషియా. ఫ్లింట్ రిడ్జ్, మామత్ గుహలు కలిసే దారిని 1972 సెప్టెంబర్‌లో కనిపెట్టిన బృందంలో ఆమె ఉంది. అంతకుముందు ఒక ఇరుకు సందులోంచి దూరి ముందుకి దారి చూసింది ఆమే. కొలతల్ని కంప్యూటర్‌కి ఎక్కించి పటాలు గీసే పని ఇద్దరూ కలిసి చేశారు. వాళ్ళు విడిపోయాక, కూతుళ్ళు ఆడుకోడానికని అతను ఆట రాశాడు. ఆట చరిత్రలో అతని పేరు నిలిచింది, ఆమె పేరు గుహల చరిత్రలో మిగిలిపోయింది. అదే గుహలకి 1842లో జ్ఞాపకం నుంచి పటం గీసిన స్టీఫెన్ బిషప్ నల్లజాతి బానిస. పటం గీసేవాళ్ళు ఒకరు, దాని మీద హక్కు ఉన్నవాళ్ళు ఇంకొకరు. ఇది మా ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. పోలవరం ముంపు పేరుతో 2014లో కూనవరం, చింతూరు లాంటి మండలాలు ఒక్క గీతతో రాష్ట్రం మారిపోయాయి.

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, ఒంటరిగా ఆడే ఈ తరహా ఆటని అనేకమంది కలిసి ఆడేలా మార్చాడు. అదే మొదటి మడ్. 1980లో రిచర్డ్ బార్టిల్ దాన్ని అందుకుని పెంచాడు. 1989లో జిమ్ ఆస్ప్‌నెస్ తయారుచేసిన టైనీమడ్‌లో పాయింట్ల కోసం చంపడం ముఖ్యం కాదు. ఆడేవాళ్ళే గదులు కట్టొచ్చు, వస్తువులు చెయ్యొచ్చు. పాఠకులకి రచన చేసే హక్కు వచ్చిందన్నమాట. ఆ దారిలోనే 1990లో పావెల్ కర్టిస్ జిరాక్స్ పరిశోధనశాలలో లామ్డామూ మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలోని తన ఇంటి నమూనాతోనే అందులో ఇల్లు కట్టాడు.

లామ్డామూలో స్త్రీ, పురుష, నపుంసకాలే కాదు, ఇంకా అనేక లింగాలు ఎంచుకోవచ్చు. ఒక్కోదానికి వేరే సర్వనామాలున్నాయి. పీహెచ్‌డీ రోజుల్లో ఇది చదివి నేను తెలుగు వ్యాకరణం ముందేసుకు కూర్చున్నాను. బాలవ్యాకరణం లెక్కలో స్త్రీలూ జంతువులూ జడాలూ కానివే మహత్తులు. 'అతను వచ్చాడు.' కానీ 'ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది.' పక్కన 'గారు' చేరితేనో, నలుగురితో కలిస్తేనో తప్ప మన క్రియ మనకి దక్కదు. సర్వనామం ఎంచుకోవడం ఆట కాదని మన భాష రోజూ చెబుతూనే ఉంది.

అలాంటి స్వేచ్ఛా లోకంలోనే 1993లో ఆ ఘటన జరిగింది. మిస్టర్ బంగిల్ పేరుతో ఆడుతున్న ఒకరు, అందరూ కూర్చునే ముందు గదిలో 'చేతబడి బొమ్మ' అనే ప్రోగ్రాం వాడాడు. అతను టైపు చేసిన వాక్యాలు ఇతర పాత్రలు చేస్తున్న పనుల్లా అందరి తెరల మీదా కనిపించాయి. అవి లైంగిక హింసని వర్ణించే వాక్యాలు. వాక్యంలో కర్త ఆమె పేరు, క్రియ మాత్రం అతనిది. లెగ్బా అనే పాత్రని నడుపుతున్న స్త్రీ బహిరంగంగా నిలదీసి, అతన్ని వెలివెయ్యాలంది. చర్చ జరిగింది. సభ పెట్టారు కానీ తీర్మానం కుదరలేదు. చివరికి 'మాంత్రికులు' అని పిలిచే నిర్వాహకుల్లో ఒకరు సొంత నిర్ణయంతో ఆ పాత్రని తుడిచేశాడు. ఆ తర్వాతే కర్టిస్ అర్జీలూ ఓటింగూ ప్రవేశపెట్టాడు. జూలియన్ డిబెల్ అదే ఏడాది డిసెంబర్‌లో విలేజ్ వాయిస్ పత్రికలో రాసిన వ్యాసంతో ఇది లోకానికి తెలిసింది.

'మాటలే కదా, ఒంటికేం కాలేదు కదా' అన్న వాదన అప్పుడే వచ్చింది. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' యాప్‌లు ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వాళ్ళని వేలం వేస్తున్నట్టు చూపించాయి. నిజంగా అమ్మలేదు కదా అన్నవాళ్ళు ఇక్కడా ఉన్నారు. రాసే, మాట్లాడే స్త్రీలని ఏరి మరీ అందులో పెట్టారన్నది మరిచిపోకూడదు. ఒక స్త్రీ పేరుని ఎవరో తమ వాక్యంలో పెట్టి నడిపించడమే అక్కడా జరిగింది. బంగిల్ వాడిన బొమ్మకీ దీనికీ వ్యాకరణం ఒకటే.

మరి మడ్‌లని హింసకి ఉదాహరణగా మాత్రమే గుర్తుపెట్టుకోవాలా? నేనలా అనుకోను. ఎవరైనా ఒక గది రాసి లోకానికి కలపొచ్చన్న ఊహ చాలా విలువైనది. ఖమ్మంలో మా డిగ్రీ విద్యార్థులకి ఒకసారి అభ్యాసం ఇచ్చాను: మీ ఊరిని మడ్‌లా రాయండి, ప్రతి చోటికీ ఒక వర్ణన, అక్కణ్ణించి ఏ దిక్కుకి వెళ్ళొచ్చో ఒక జాబితా. అబ్బాయిల ఊళ్ళలో నాలుగు దిక్కులూ తెరిచే ఉన్నాయి. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇలా రాసింది: 'చేతిపంపు. తూర్పున బడి. ఉత్తరాన ఇప్పచెట్లు, అమ్మతో అయితేనే. పడమర బస్టాపు, పొద్దుగూకితే ఈ దారి లేదు.'

తరగతిలో అది చదివాక మిగతా అమ్మాయిలు తమ కాగితాలు వెనక్కి తీసుకుని, దిక్కుల పక్కన వేళలు రాయడం మొదలుపెట్టారు.