బండిబాట, బండికొట్టము



వీధిగుమ్మము మొదలుకొని యింటి బండికొట్టము వరకు గల కొలది గజముల బాటను గూర్చియు, ఆ కొట్టమును గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇంత చిన్న విషయమునకు చరిత్ర యేమి యుండునని తాము తలపవచ్చును. నేనును చాలకాలము అట్లే తలచితిని. ఆ తలపు వలన మా వాకిటిని నా చేతులార పాడుచేసికొని, పొరుగువారితో మాట పోగొట్టుకొని, పిమ్మట గాని దానికి చరిత్ర కలదని తెలిసికొనలేదు.

మాది పల్నాటిసీమ. మా యూరిది నల్లరేగడి నేల. వాన కురిసిన నాడు బండిచక్రము ఇరుసు మట్టునకు దిగును. ఎండకాలమున అదే నేల చేయి దూరునంతగా నెరియలు విచ్చును. ఇట్టి నేలలో నిండుబండిని వీధినుండి కొట్టములోనికి తోలుట చిన్న యుద్ధము వంటిది. మా తాతగారు దీనికొక ఉపాయము చేసిరి. మా ప్రాంతమున నాపరాయి విరివిగా దొరకును. ఆయన తన బండి రెండు చక్రముల యెడమును త్రాటితో కొలిచి, ఆ యెడముననే రెండు వరుసలుగా నాపరాళ్లు పరచిరి. చక్రములు రాతిమీద నడచును. ఎడ్లు నడుమనున్న మట్టిమీద నడచును. రాతిమీద గిట్ట జారును గనుక నడుమ రాయి వేయలేదు. వాననీరు చాలవరకు ఆ నడిమి మట్టిలో ఇంకును. మిగిలినది ప్రక్క కాలువలో పారి పెరటి బావికడ చెట్ల పాదులకు చేరును. నేను బాలుడనై యుండగా ఆ రాతివరుసల మీద ఒంటికాలితో గెంతుచు ఆడుకొంటినే గాని, వానిలోని బుద్ధిని గ్రహింపలేదు.

బండికి బాట యెంత ప్రాచీనమైనదో చూడుడు. సింధునదీ ప్రాంతమున హరప్పా, మొహెంజొదారో పట్టణముల త్రవ్వకములలో మట్టితో చేసిన ఆటబండ్లు దొరకినవి. నాలుగువేల యేండ్లు దాటిన ఆ బొమ్మలను చూచినచో మన రెండెడ్ల బండియే జ్ఞాపకమునకు వచ్చును. ఆ పట్టణముల వీధులలోనే ఇటుకలతో కట్టిన మురుగుకాలువలును బయల్పడినవి. బాటకు తోడుగ కాలువ యుండవలెనని ఆనాటి వారే యెరిగియుండిరి.

ఇటలీ దేశమున పాంపే అను పట్టణము క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయెను. త్రవ్వి తీయగా, ఆ వీధుల బండపరుపుమీద చక్రములు ఒరసి ఒరసి పడిన లోతైన గాడులు కనబడినవి; నేటికిని కనబడుచున్నవి. వీధి దాటువారి పాదములు తడియకుండ ఎత్తైన రాళ్లను అడ్డముగ నిలిపి, వాని సందులనుండి చక్రములు పోవునట్లు ఎడము విడిచిరి. అందరి బండ్లకును చక్రముల యెడము ఇంచుమించుగ ఒక్కటియే కానిచో ఆ యేర్పాటు సాగదు. "వాడు గాడి తప్పినాడు" అని మనము మనుష్యులను గూర్చి చెప్పుకొనుచున్నాము. బండి యెడమును బట్టి బాట, బాటను బట్టి బండి యని ఆ మాటలోనే యున్నది.

ఇక వీధినుండి యింటిలోనికి వత్తము. కౌటిల్యుని అర్థశాస్త్రము తాళపత్రప్రతిగా మైసూరున 1905లో బయటపడి, శ్యామశాస్త్రిగారి వలన 1909లో అచ్చుపడెను. అందు రథము పోవు దారికి అయిదు మూరలు, పశువుల దారికి నాలుగు మూరలు, మనుష్యులును చిన్న జంతువులును నడచు దారికి రెండు మూరలు వెడల్పు చెప్పబడినది. నాకు అంతకంటె ముఖ్యముగ తోచినది ఇండ్లను గూర్చిన ప్రకరణము. ఇంటినుండి పోవు నీటికి చాలినంత వాలు గల కాలువను పొరుగుగోడకు ఎడముగ కట్టవలెననియు, తప్పినవారు 54 పణములు దండుగ చెల్లింపవలెననియు అందున్నది. బండ్లను, పశువులను నిలుపు తావునకును అట్టి యెడమే విధింపబడినది. నా యింటి నీరు పొరుగువాని గోడను తాకరాదన్నది రెండువేల యేండ్ల నాటి ధర్మమన్నమాట. ఈ ధర్మమును నేను తప్పితిని. ఆ కథ ముందు చెప్పెదను.

బాట వేయుటలోని రహస్యమును స్పష్టముగ నిరూపించినవాడు జాన్ లౌడన్ మెకాడం అను స్కాట్లండు దేశీయుడు. ఈయన 1756లో జన్మించి, 1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతపు దారులకు పర్యవేక్షకుడయ్యెను. బాట గట్టిగ నుండవలెనన్న అడుగున పెద్ద బండలు పేర్చవలెనని అప్పటి పలువురి నమ్మకము. మెకాడం అట్లు కాదనెను. బరువును మోయునది రాయి కాదు, రాతిక్రింది నేల. ఆ నేల పొడిగ నున్నంతకాలము ఎంత బరువునైనను మోయును. తడిసినచో ఎంత రాయి వేసినను క్రుంగును. ఇది ఆయన సిద్ధాంతము. కావున బాటను ఇరుప్రక్కల నేలకంటె కొంచెము ఎత్తుగ లేపి, నడుమ స్వల్పముగ ఉబ్బెత్తు చేసి, ప్రక్కల కాలువలు తీయవలెననెను. పైన వేయు కంకర యొక్కొక్కటి ఆరు ఔన్సులకు, అనగా మన లెక్కను సుమారు 15 తులములకు మించరాదనెను. కోసులు గల చిన్న రాళ్లు చక్రముల ఒత్తిడికి ఒకదానినొకటి కరచుకొని పెంకువలె గట్టిపడును. గుండ్రని గులకరాళ్లు అట్లు కరచుకొనక దొరలిపోవును. మన యూళ్లలో కంకర కొట్టి, నీరు చల్లి, దిమ్మిసతో మోదిన దారులన్నియు ఈ పద్ధతికి చెందినవే. మా తాతగారు మెకాడం పేరు వినియుండరు. అయినను రాతికంటె నీటిని గూర్చియే యెక్కువ యోచించిరి.

ఎడ్లబండి పోయి మోటారుబండి వచ్చుటతో కొట్టము కథ మారెను. అమెరికాలో హెన్రీ ఫోర్డు తన మొదటి బండిని డెట్రాయిట్ నగరమున బాగ్లీ వీధిలో, తాను అద్దెకున్న యింటి వెనుక కొట్టములో చేసికొనెను. 1896 జూన్ 4వ తేదీ తెల్లవారకముందే బండి సిద్ధమయ్యెను. తీరా చూడగా కొట్టపు ద్వారము చాలలేదు. అంతట ఆయన గొడ్డలి చేబట్టి ద్వారము ప్రక్క ఇటుకగోడను పగులగొట్టి బండిని వీధిలోనికి దింపెను. తరువాత లక్షలకొలది బండ్లు చేసిన మహాశిల్పి తన మొదటి బండికి వాకిలి కొలుచుట మరచెను. 1908లో వచ్చిన ఆయన "టి" రకపు బండి 1927 నాటికి కోటి యేబది లక్షలకు పైగా తయారయ్యెను. దానితో సామాన్య గృహస్థునకును మోటారుకొట్టము కావలసివచ్చెను. గ్యారేజి అను మాట ఫ్రెంచివారిది. బండిని ఒక ప్రక్కగా భద్రపరచుట అను అర్థము గల మాటనుండి వచ్చినది.

పెట్రోలు అంటుకొనునను భయము వలన ఆనాటి వారు మోటారుకొట్టమును ఇంటికి దూరముగ, స్థలమునకు వెనుకతట్టున కట్టుకొనిరి. అందువలన వీధినుండి కొట్టము వరకు బాట పొడవయ్యెను. అంత పొడవున సిమెంటు పరచుటకు వ్యయమగును. దానికి వారు కనుగొన్న ఉపాయమేమన, చక్రములు నడచుచోట మాత్రము రెండు పట్టెలుగ సిమెంటు పోసి నడుమ గడ్డి విడుచుట! ఈ విషయము చదివిన నాడు నాకు మా తాతగారి నాపరాళ్లు జ్ఞాపకమునకు వచ్చి, కన్నుల నీరు నిండెను. ఏలయన, అప్పటికే నేను ఆ రాళ్లను పూడ్చివేసియుంటిని.

అది జరిగిన విధము వినుడు. పోర్ట్‌లండు సిమెంటునకు 1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు హక్కుపత్రము పొందెను. మన దేశమున 1914లో పోరుబందరు కర్మాగారము సిమెంటును తీయసాగెను. అంతకుముందు చాలవరకు గానుగసున్నమే మనకు దిక్కు. సిమెంటు వచ్చిన పిదప చప్టా వేయుట సులభమయ్యెను. సులభమగుటచే హద్దు మరచితిమి. కొన్ని యేండ్ల క్రిందట మా మనుమడు కారు కొన్నాడు. ఆ ముచ్చటలో నేను వీధిగుమ్మము మొదలు బావిగట్టు వరకు, గోడనుండి గోడకు, నేల కనబడకుండ సిమెంటు పోయించితిని. ప్రక్క కాలువను గూడ పూడ్పించితిని. వాకిలి అద్దమువలె నున్నదని నలుగురును మెచ్చిరి.

శ్రావణమున ఒక రాత్రి పెద్దవాన కురిసెను. లెక్క చూడుడు: చదరపు మీటరు నేలమీద ఒక్క మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. మా వాకిలి నూరు చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వానకు 5,000 లీటర్లు. వెనుక మట్టిలో ఇంకిన నీటికి ఇప్పుడు పోవుటకు తావు లేదు. అది యంతయు పొరుగింటి మట్టిగోడ మొదటికి చేరి, తెల్లవారునప్పటికి గోడ ఒక బారెడు కూలెను. ఆ యింటి పెద్ద నాకు మామయ్య వరుస. ఆయన అరుగుమీద నిలిచి, "అల్లుడా, మీ వాకిటి వాన మా గోడకు సారె పంపితివా?" అని, మరి మాటలాడక లోనికేగెను. గోడ నేను కట్టించితిని. ఆయన రెండేండ్లు మా గడప త్రొక్కలేదు. ఆ మరుసటి వేసవిని మా బావి ఎన్నడును లేనంతగా అడుగంటెను. ఒక్క మా వాకిటి వలననే బావి యెండినదని నేననను. వీధిలో ప్రతి యిల్లును అట్లే చేసినది. కాని అందులో నా పాలు నాకు కలదు.

అప్పుడు నేనును మనుమడును గునపము, సమ్మెట చేబట్టి మేమే పనికి పూనితిమి. కారు చక్రముల నడిమికి నడిమి కొలువగా సుమారు అయిదడుగు లుండెను. రెండడుగుల వెడల్పున రెండు పట్టెలు నిలిపి, వాని నడుమ మూడడుగులును, ఇరుప్రక్కలను సిమెంటును పగులగొట్టితిమి. క్రింద మా తాతగారి రాళ్లు కనబడినవి. "తాతయ్యా, ఇవి యెవరు వేసినారు?" అని మనుమడు అడిగెను. చెప్పితిని. ఎడ్లబండి యెడమునకు వేసిన వరుసలు గనుక కారునకు సరిపడవయ్యెను. పగులనివాటిని తీసి కాలువకు అంచుగ పేర్చితిమి. నడుమ కంకర వేసి, పైన గరిక నాటితిమి. కొట్టమునుండి బయటికి, నాలుగడుగులకు ఒక అంగుళము చొప్పున వాలు కుదిర్చితిమి. కాలువ చివర ఇంకుడుగుంట త్రవ్వితిమి. రేగడిలో నీరు త్వరగ ఇంకదు గనుక, అడుగున గరుసు తగులువరకు దిగి, రాళ్లు, కంకర, ఇసుక వరుసగ నింపితిమి. గుంట గోడ పునాదులకు దూరముగ నుండవలెను. కారు కడిగిన నీటిని, నూనె మరకల నీటిని దానిలోనికి విడువరాదు. అది బావికే చేరును.

కొట్టములోను చిన్న పనులు చేసితిమి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది, నేలనంటి నిలుచును; అందుచే గోడల అడుగున గాలికన్నములు విడిచితిమి. తలుపులు మూసి యంత్రమును నడపరాదని అందరకును చెప్పితిని. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు, ప్రాణము తీయును. పాతబండి కాడిని గోడకు బిగించి, దానికి పారలు, త్రాళ్లు తగిలించితిమి. కారు ఎంతవరకు రావలెనో తెలియుటకు అమెరికావారు దూలమునుండి త్రాటితో బంతిని వ్రేలాడదీయుదురట. మేము మా యెద్దు మెడగంటను వ్రేలాడదీసితిమి. కారు అద్దము దానిని తాకగానే గంట మ్రోగును, మనుమడు బండి నిలుపును. సాయంకాలము ఆ గంట మ్రోగినప్పుడెల్ల ఎడ్లు ఇల్లు చేరినట్లే నాకుండును.

మరుసటి వానకు నేను లాంతరు పట్టుకొని గోడ మొదట నిలిచి చూచితిని. నీరు గోడను తాకలేదు. తెల్లవారి మామయ్య కర్ర యూతగ వచ్చి, కాలువ పొడవునను నడచి, తాతగారి నాపరాతిమీద కూర్చుండి, "అల్లుడా, కాఫీ యేదీ?" అనెను.

పెద్దలారా, మీ పిల్లలు వాకిట సిమెంటు పోయుదమన్నప్పుడు వలదనకుడు. చక్రమునకు కావలసినంత గట్టినేల చక్రమున కిండు. తక్కినది వానకు విడువుడు. పని మొదలిడకముందు ఒక వానలో వాకిట నిలిచి, నీరెటు పోవుచున్నదో పిల్లలకు చూపుడు. ఆ నీటిదారి తెలిసినవారు ఇంట మీరే గదా.