స్కాట్లండ్ చరిత్రలో మన పాములు, పిట్టలు

నెల్లూరు నుంచి స్కాట్లండ్ వచ్చి స్థిరపడ్డవాళ్లకు ఇక్కడివాళ్లు ముందుగా చూపించేది కోటలే. ఆ తర్వాత 1314 నాటి బానక్‌బర్న్ యుద్ధం, 1746 నాటి కల్లోడెన్ ఓటమి. అన్నీ తెలుసుకోదగ్గవే. అయితే ఈ దేశ చరిత్రలో మన కోస్తాతో నేరుగా చుట్టరికం ఉన్న అధ్యాయం ఒకటుంది. అది పాత పుస్తకాల్లోని పాముల బొమ్మల్లో, పిట్టల బొమ్మల్లో దొరుకుతుంది.

దాని మొదలు చదువులో ఉంది. 1707లో స్కాట్లండ్, ఇంగ్లండ్ ఒకే పార్లమెంటు కిందికి వచ్చాయి. 1726లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్య విభాగం పెట్టారు. డాక్టర్లు ఏటా తయారవుతున్నారు. ఇంత చిన్న దేశంలో అందరికీ పని ఎక్కడ దొరుకుతుంది? చాలామంది ఈస్టిండియా కంపెనీ కొలువు పట్టుకుని ఓడెక్కారు. అప్పట్లో మందుల్లో ఎక్కువ భాగం మొక్కల నుంచి వచ్చేవే కాబట్టి, వైద్యం చదివేవాళ్లు వృక్షశాస్త్రమూ నేర్చుకునేవారు. ఆ చదువు వల్ల కంటపడ్డ ప్రాణినల్లా వర్ణించి, వర్గీకరించే అలవాటు వాళ్లకు అబ్బింది.

ఎడిన్‌బరోలో పుట్టిన పాట్రిక్ రస్సెల్ అలాంటివాడే. సిరియాలోని అలెప్పోలో ప్లేగును దగ్గరగా చూసిన ఈ వైద్యుడు 1781లో సోదరుడి వెంట మన దేశానికి వచ్చి విశాఖపట్నం చేరాడు. 1785లో కంపెనీ ఆయన్ను తన ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. ఏ పాము కరిస్తే ప్రాణం పోతుంది, ఏది కరిస్తే పోదు? ఇది తేల్చడానికి ఆయన పాములను తెప్పించుకుని కోరలు పరిశీలించాడు, కోళ్ల మీద, కుక్కల మీద విషాన్ని పరీక్షించాడు. 1789లో స్వదేశానికి తిరిగి వెళ్లాక, 1796లో కోరమండల్ తీరపు పాముల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం లండన్‌లో అచ్చయింది. అందులో 46 బొమ్మల పలకలున్నాయి.

ఆ పలకల్లో ఒకదాని కింద పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, కానీ చదివితే తెలుగే: ‘కాటుక రేకుల పొడ’. మనం రక్తపింజర అనే పామది. గోధుమరంగు ఒంటి మీద మూడు వరుసల కోలమచ్చలు, ఒక్కొక్క మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. ఆ పేరు పెట్టినవాళ్లు పామును ఎంత శ్రద్ధగా చూశారో! రస్సెల్ దాని పొట్ట కింది పలకలను, తోక కింది పొలుసులను లెక్కబెట్టి రాసుకున్నాడు. పామును సారాయిలో వేస్తే రంగు పోతుంది. అందుకే పక్కన చిత్రకారుడు ఉండాల్సిందే. విశాఖలో కుంచె పట్టింది స్థానికుడు. పుస్తకం మీద ఉన్నది రస్సెల్ పేరు, ఆ పాముకు శాస్త్రం పెట్టిందీ రస్సెల్ పేరే. బొమ్మ వేసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇక నెల్లూరి వంతు. ఎడిన్‌బరోలోనే చదివిన థామస్ జెర్డన్ 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. 1843–47 మధ్య ఆయన 50 పలకలతో వెలువరించిన పక్షుల పుస్తకంలో భారతీయ చిత్రకారుల బొమ్మలున్నాయి. చచ్చిన పిట్ట చర్మంలో దూది కూరి దాస్తే ఈకల రంగు చాలావరకు నిలుస్తుంది. కళ్లు, ముక్కు, కాళ్ల రంగు నిలవదు. నెల్లూరు వైపు నేలపట్టులో కనిపించే గూడబాతునే తీసుకోండి. ముక్కు మీది నీలి చుక్కలు, దాని కింది సంచి తీరు పిట్ట తాజాగా ఉండగానే కాగితం మీదికి ఎక్కాలి. నెల్లూరు ప్రాంతపు జంతువుల సంగతులు జెర్డన్‌కు చెప్పినవాళ్లు యానాదులు. ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏ పుట్టలో ఏ పాముందో తెలిసిన ఆ మనుషులే నిజానికి ఆయనకు గురువులు.

గుడ్ల విషయానికొస్తే, విక్టోరియా కాలపు బ్రిటన్‌లో వాటిని పోగుచేయడం ఒక పిచ్చి. 1954 చట్టంతో గానీ దానికి అడ్డుకట్ట పడలేదు. ఆ పాత పోగుల్లోంచే ఒక అపురూపమైన వస్తువు బయటపడింది. జెర్డన్ పేరుతో పిలిచే కలివికోడి 1848లో శాస్త్రానికెక్కింది. 1900 తర్వాత ఎవరికైనా కనిపించినట్టు నమోదు కాలేదు. 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో, మన పెన్నా పరీవాహకంలోనే, మళ్లీ దొరికింది. దాని గుడ్డు మాత్రం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదనుకున్నారు. తీరా చూస్తే స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయపు సేకరణలో ఉంది! 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో ఓ పశువైద్యుడు సేకరించినదట. పాత నమూనాల డీఎన్ఏతో పోల్చి నిర్ధారించారు, 2013లో వార్త లోకానికి తెలిసింది.

చిత్రకారుల పేర్లు పోవడం తప్పనిసరేమీ కాదు. మరో స్కాటిష్ సర్జన్ రాబర్ట్ వైట్ మద్రాసు రాజధానిలో మొక్కల బొమ్మలు వేయించినప్పుడు రంగయ్య, గోవిందుల పేర్లు నమోదు చేశాడు. 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయా’ అని పేరు పెట్టాడు. 2007లో ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్ ఆ ఇద్దరి పేర్లనూ శీర్షికలోనే పెట్టి వైట్ మీద పుస్తకం తెచ్చింది. రస్సెల్ పాములకు ప్రాణం పోసిన విశాఖ చిత్రకారుడికి, జెర్డన్‌కు దారి చూపిన యానాదులకు ఇక్కడి మ్యూజియాలు ఆ మర్యాద ఇంకా బాకీ ఉన్నాయి. ఆ బాకీ అడగాల్సింది ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లే.