పటికతో గీసిన ఎరుపు

పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకూ, ఆగ్నేయాసియా దీవులకూ, ఆ తరువాత ఐరోపాకూ వెళ్లిన అద్దకపు నూలుబట్టలకు పేరు రావడానికి వాటి మీది పూలతీగల సొగసు ఒక కారణమైతే, ఎన్ని ఉతుకులు పడినా వెలిసిపోని వాటి ఎరుపు అంతకంటె పెద్ద కారణం. ఆ కాలపు ఐరోపాలో బట్ట మీద బొమ్మలు వేయడానికి రంగుపొడిని నూనెలో కలిపి అచ్చులతో అద్దేవారు గనుక, ఆ రంగు నాలుగు ఉతుకులకు ఆగేది కాదు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. అక్కడ పనిచేసిన విలియం మెథోల్డ్ గోల్కొండ రాజ్యాన్ని గురించి రాసిన వివరణ 1626లో అచ్చయింది. ఎరుపునిచ్చే మొక్క ఆ దేశంలోనే పెరుగుతుందని అందులో ఉంది. ఆ మొక్క చిరివేరు. తీరప్రాంతపు ఇసుక నేలల్లో పెరిగే ఈ చిన్న మొక్క వేళ్లలోని రంగు పదార్థాన్ని రసాయన శాస్త్రం అలిజరిన్ అంటుంది. ఐరోపా రైతులు పండించుకునే మాడర్ అనే మంజిష్ఠ జాతి మొక్క వేళ్లలోనూ ఇదే అలిజరిన్ ఉన్నదన్న సంగతిని గమనిస్తే, మచిలీపట్నం ఎరుపు మర్మాన్ని వేరులో కాక మరోచోట వెతకవలసి ఉంటుంది.

నూలుకు రంగు పట్టించడం స్వతహాగా కష్టం. ఉన్ని, పట్టు అనేవి ప్రోటీన్లు కాబట్టి వాటి అణువులలో ఆమ్ల గుణమూ క్షార గుణమూ ఉన్న భాగాలు రెండూ ఉండి, రకరకాల రంగులను పట్టుకుంటాయి. నూలు సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ చక్కెర అణువులు వేలకొద్దీ వరుసగా అతుక్కుని ఏర్పడిన పోగు. దానికి నీటి మీద ఉన్న మక్కువ అలిజరిన్ వంటి రంగుల మీద లేదు. అందువల్ల రంగుకూ పోగుకూ మధ్య రెంటినీ పట్టుకోగలిగిన మూడో పదార్థం కావాలి. దానినే వర్ణబంధకం అంటారు; చిరివేరు ఎరుపుకు ఆ పని చేసేది పటికలోని అల్యూమినియం.

అయితే పటిక నీళ్లలో బట్టను ముంచినంత మాత్రాన అల్యూమినియం నూలును గట్టిగా అంటుకోదు. అందుకే కళంకారీ పనిలో ముందుగా గంజి పోయేలా ఉతికి తెల్లబరిచిన బట్టను, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. కరక్కాయలో వగరుకు కారణమైన టానిన్లు ఒకవైపు సెల్యులోజ్‌ను అంటిపెట్టుకుని, మరోవైపు లోహాలను పట్టుకుంటాయి. పాలలోని కొవ్వు, ప్రోటీన్ పోగుల మధ్య సందులను కొంత పూడ్చడం వల్ల కలంతో గీసిన ద్రవం చుట్టుపక్కలకు పాకకుండా గీత గీతగానే నిలుస్తుంది. వాసన ఎలా ఉన్నా, ఇంత చవకగా ఇంత చక్కగా పనిచేసే పూత ఆనాడు మరొకటి ఉండేదనుకోవడం కష్టం.

నలుపు గీతలకు వాడే ద్రవం తయారీలో రసాయన చర్యలు ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ఇనుప తుక్కును బెల్లం కలిపిన నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడితే, బెల్లం పులిసి ముందు ఆల్కహాలుగానూ, గాలి తగిలి ఆ తరువాత ఎసిటిక్ ఆమ్లంగానూ, అంటే వినిగర్‌లో ఉండే ఆమ్లంగానూ మారుతుంది. ఆ ఆమ్లంలో ఇనుము కరిగి ఫెర్రస్ ఎసిటేట్ అవుతుంది. ఈ ద్రవం కరక్కాయ పట్టిన బట్టను తాకగానే ఇనుము టానిన్లతో కలిసి, గాలిలోని ఆక్సిజన్ సోకినకొద్దీ నీటిలో కరగని నల్లని పదార్థంగా గట్టిపడుతుంది. పచ్చి అరటికాయను ఇనుప కత్తిపీట మీద తరిగినప్పుడు ముక్కలు నల్లబడడంలో కొంత పాత్ర ఈ చర్యదే. ఐరోపాలో శతాబ్దాల పాటు దస్తావేజులు రాసిన సిరా కూడా ఇనుమూ టానిన్లూ కలిసినదే. ఇందులో ఒక చిక్కు ఉంది: ఇనుము కాలక్రమాన సెల్యులోజ్‌ను తినేస్తుంది. మ్యూజియంలలోని పాత అద్దకపు బట్టల మీద పువ్వుల ఎరుపు చెక్కుచెదరక, చుట్టూ ఉన్న నల్లగీత వెంబడి నూలు చిట్లిపోవడానికి కారణం ఇదే.

ఎరుపు రావలసిన చోట చిత్రకారుడు ఎరుపును పూయడు. అక్కడ పటిక నీటితో గీస్తాడు. అది రంగులేనిది కాబట్టి, గీసింది కంటికి కనిపించడానికి త్వరగా వెలిసిపోయే చెక్క రంగు ఏదైనా కాస్త కలుపుకుంటాడు. ఆ తరువాత బట్ట మొత్తాన్ని చిరివేరు నీళ్లలో ఉడికిస్తారు. ఫొటో కాగితం మీద దాగి ఉన్న బొమ్మ డెవలపర్ ద్రావణంలో తేలినట్టు, పటిక ఉన్న చోటల్లా ఎరుపు బయటపడుతుంది. ఆ వేడిలో అలిజరిన్ అణువు తన అంచున ఉన్న రెండు ఆక్సిజన్ పరమాణువులతో అల్యూమినియాన్ని రెండు వైపులా బిగించి పట్టుకుంటుంది. ఇలాంటి పట్టును కీలేట్ బంధం అంటారు. దీనివల్ల నీటిలో కొద్దిగానైనా కరిగే రంగు, పోగు లోపల కరగని రంగుగా స్థిరపడుతుంది. పటిక బదులు ఇనుము ఉంటే అదే అలిజరిన్ ఊదా రంగునూ, రెండూ కలిసి ఉంటే గోధుమ రంగునూ ఇస్తుంది. అంటే ఒకే గంగాళంలో ఒకేసారి ఉడికిన బట్ట మీద మూడు నాలుగు రంగులు తేలేవి. పటిక పడని చోట అంటిన లేత గులాబీ ఛాయకు లోహం పట్టు లేదు గనుక, పేడ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరవేసి, పదే పదే తడుపుతుంటే అది పోయి తెల్లదనం తిరిగి వచ్చేది.

కృష్ణా తీరపు చిరివేరుకు ప్రత్యేకమైన పేరు రావడానికి, గుల్లల సున్నం కలిసిన అక్కడి ఇసుక నేలను కారణంగా చెబుతారు. ఈ మాటకు రసాయన ఆధారం లేకపోలేదు: ప్రకాశవంతమైన ఎరుపు రావాలంటే అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా ఆ బంధంలో చేరాలని తరువాతి పరిశోధనలు తేల్చాయి. నీలిమందు పద్ధతి పూర్తిగా వేరు. దానికి వర్ణబంధకం అక్కరలేదు కాబట్టి నీలం వద్దన్న చోటంతా మైనం పూసి బట్టను తొట్టిలో ముంచేవారు. నీలం మీద పసుపు పూసి ఆకుపచ్చ తెప్పించేవారు గానీ, ఆ పసుపు వెలుతురుకు ఆగలేదు. నేడు మ్యూజియంలలో ఈ తీగల ఆకులు చాలాచోట్ల నీలంగా కనిపించడం నాటి చిత్రకారుల ఊహ అనుకుంటే పొరపాటు.

ఈ బట్టల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వీటి దిగుమతినీ, అనుకరణనూ నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో చట్టం చేసింది. నిషేధాలు అమలులో ఉండగానే పద్ధతిని తెలుసుకునే ప్రయత్నాలూ సాగాయి. విద్యుత్తు రెండు రకాలని చెప్పిన శాస్త్రవేత్త ద్యుఫే ఫ్రాన్స్‌లో అద్దకాల పరిశ్రమను పర్యవేక్షించేవాడు. ఆయన కోసం బోల్యూ అనే నౌకాధికారి 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో ప్రతి దశలోనూ బట్ట ముక్కను కత్తిరించి, పని జరిగిన తీరును పక్కనే రాసి పంపాడు. తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువు కూర్చిన జెసూట్ పాద్రీ కూర్దూ, తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకపు పనివారిని అడిగి తెలుసుకున్నదంతా 1742లో ఒక లేఖలో పెట్టాడు. వృత్తి రహస్యం మతబోధకుడి చేతిలో పడి దేశం దాటిన ఈ ఉదంతాన్ని విజ్ఞాన వినిమయం అనాలో, గూఢచర్యం అనాలో తేల్చడం కష్టం గానీ, పనుల వరుసను అంత వివరంగా నమోదు చేసిన పత్రాలు ఆ కాలానివి కొన్నే ఉన్నాయి. సామర్లకోటలో ఉండి మొక్కలను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ కూడా 1795లో చిరివేరు అద్దకం గురించి రాశాడు.

ఫ్రెంచి రసాయనికులు రోబికే, కోలిన్ 1826లో మాడర్ వేరు నుంచి అలిజరిన్‌ను వేరుచేశారు. 1868లో బెర్లిన్‌లో గ్రేబ్, లీబర్‌మాన్ దానిని ఆంత్రసీన్ నుంచి తయారుచేశారు. బొగ్గు నుంచి దీపాల గ్యాసు తీయగా మిగిలే తారులో దొరికే పదార్థం ఆంత్రసీన్. పరిశ్రమకు పనికివచ్చే పద్ధతి మీద జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ 1869 జూన్ 25న లండన్‌లో పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే, విలియం పెర్కిన్ మరునాడు చేశాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే దక్షిణ ఫ్రాన్స్‌లో మాడర్ సాగు కుప్పకూలింది. చిరివేరు తవ్వకమూ క్రమంగా ఆగిపోయింది. లోహం రంగును ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పగల సిద్ధాంతాన్ని ఆల్ఫ్రెడ్ వెర్నర్ ప్రతిపాదించింది మాత్రం 1893లో, అంటే కర్మాగారాలు అలిజరిన్‌ను టన్నుల లెక్కన అమ్ముకుంటున్న కాలంలో.

మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో నేడు చెక్క అచ్చులతో అద్దే కళంకారీకి ఎరుపు ఎక్కువగా ఆ కృత్రిమ అలిజరిన్ నుంచే వస్తోంది. వేరులోని అలిజరిన్‌కూ దీనికీ అణువులో తేడా లేదు; వేరులో దానితో పాటు ఉండే ఇతర పదార్థాలు మాత్రం పొడిలో ఉండవు, కాబట్టి ఛాయలో కొంత భేదం రావచ్చు. సహజ రంగులని మెచ్చుకునేవారు ఈ సంగతిని దాటవేస్తుంటారు. వేరు స్థానంలో పొడి వచ్చినా కరక్కాయ నానుడు, పటిక అద్దకం, పారే నీటిలో జాడింపు, గంగాళంలో ఉడకబెట్టడం అదే వరుసలో సాగుతున్నాయి, ఎందుకంటే బెర్లిన్‌లో పుట్టిన అలిజరిన్ కూడా అల్యూమినియం లేనిదే నూలుకు పట్టదు.