చప్పుడు కాని బటన్

వీడియో గేముల్లో మనిషితో మనిషి తలపడటం ఇంటర్నెట్ తెచ్చిన ముచ్చట అనుకుంటాం. నిజానికి తొలినాళ్లలో చాలావరకు అదే దారి. బొమ్మల్ని కదిలిస్తూనే ప్రత్యర్థిగా ఎత్తులు వేసే సత్తా అప్పటి యంత్రాలకు లేదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోతమ్ ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆడించినప్పుడూ వలకు అటొకరు, ఇటొకరు ఉండాల్సిందే.

అసలు పోరు 1962లో మొదలైంది. ఎంఐటీలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్‌పై ‘స్పేస్‌వార్’ తయారుచేశారు. లక్షా 20 వేల డాలర్ల ఖరీదైన ఆ యంత్రం గుండ్రటి తెర మీద రెండు నౌకలు, నడుమ వాటిని తనవైపు లాగేసే నక్షత్రం. దాన్ని చుట్టివస్తూ టార్పెడోలు విసురుకోవాలి. మరీ ఇరుకున పడితే ‘హైపర్‌స్పేస్’లోకి దూకి మాయం కావచ్చు. తిరిగి ఎక్కడ తేలతామో తెలియదు, తేలగానే పేలిపోవచ్చు కూడా.

పేచీ ఆట దగ్గర రాలేదు, కూర్చునే చోట వచ్చింది. కంప్యూటర్ మీది స్విచ్‌లతోనే ఆడాలి. తెర ఓ పక్కకు ఉండటంతో ఒకరికి బాగా కనిపించేది, రెండోవారికి కనిపించేది కాదు. పైగా కాసేపటికే మోచేతులు లాగేసేవి. దాంతో రసెల్ మిత్రులు అలాన్ కోటాక్, బాబ్ సాండర్స్ ఎంఐటీలోని రైలు నమూనాల క్లబ్బుకెళ్లి చెక్కముక్కలు, తీగలు, స్విచ్‌లు ఏరుకొచ్చి ఇద్దరికీ చెరో పెట్టె చేసిపెట్టారు. నౌకను తిప్పడానికి, వేగం పెంచడానికి మీటలు, టార్పెడోకు బటన్. ఆ బటన్ నొక్కితే చప్పుడు రాకూడదని పట్టుబట్టారు. వస్తే, కాల్చబోతున్న సంగతి పక్కవాడికి తెలిసిపోదూ!

పదేళ్లకు, 1972 అక్టోబరు 19న స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఇదే ఆటకు పోటీ పెట్టారు. ఐదుగురు ఒకేసారి తలపడిన విభాగంలో బ్రూస్ బామ్‌గార్ట్ గెలిచాడు. బహుమతి రోలింగ్ స్టోన్ పత్రికకు ఏడాది చందా. అదే ఏడాది అటారీ తెచ్చిన ‘పాంగ్’ కూడా ఇద్దరుంటేనే సాగే ఆట.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారు. మామూలు చందా నుంచి పతకం దాకా వచ్చినా నిర్వాహకుల తలనొప్పి మాత్రం పాతదే: ఇద్దరికీ సమానమైన సరంజామా ఇవ్వాలి, ఒకరి ఎత్తు మరొకరి చెవిన పడనీయకూడదు. యంత్రంతో ఆడితే ఓడినా గొణుక్కుని ఊరుకుంటాం. మనిషి చేతిలో ఓడితే మాత్రం న్యాయం అడుగుతాం.