మాస్కో ఎలుకల్లో దొరికిన ఆనవాలు

కాలేయ క్యాన్సర్ చాలాకాలం బయటపడదు. కామెర్లు వచ్చి, కడుపులో నీరు చేరేసరికి కణితి చాలామందిలో ఆపరేషన్‌కు అందనంతగా ముదిరిపోతుంది. ఆ జబ్బు జాడను రక్తంలోనే పట్టుకోవచ్చని లోకానికి తెలిసింది 1960లలో, మాస్కోలోని గమాలేయా సంస్థలో జరిగిన ఎలుకల ప్రయోగాలతో.

స్టాలిన్ జమానాలో జైలు పాలై, తిరిగొచ్చి క్యాన్సర్ పరిశోధనకే అంకితమైన లెవ్ జిల్బర్ అక్కడ ఒక విభాగాన్ని నడిపేవారు. ఆయన శిష్యుడు గారీ అబెలెవ్. కాలేయ కణితి ఉన్న ఎలుకల సీరాన్ని, యాంటీబాడీలను జెల్ పలకపై ఎదురెదురుగా ఉంచేవారు. ప్రొటీన్, దానికి సరిపడే యాంటీబాడీ కలిసిన చోట తెల్లని గీత పడుతుంది. కణితి ఉన్న ఎలుకల్లో కనిపించిన ఒక గీత ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఎలుకల్లో లేదు. పిండాల్లో మాత్రం ఉంది! పుట్టిన కొంతకాలానికి కాలేయం దాదాపుగా తయారీ మానేసే ప్రొటీన్‌ను క్యాన్సర్ కణాలు మళ్లీ తయారు చేస్తున్నాయి. 1963లో అబెలెవ్ బృందం ఈ సంగతిని ప్రకటించింది. మరుసటి ఏడాదే ఆస్ట్రాఖాన్‌కు చెందిన యూరీ తతారినోవ్ అలాంటి ప్రొటీన్‌ను కాలేయ క్యాన్సర్ రోగి రక్తంలో చూపారు. నేటి డాక్టర్ల చీటీల్లో కనిపించే 'ఏఎఫ్‌పీ', అంటే ఆల్ఫా ఫీటోప్రొటీన్, అదే.

కొలిచే పద్ధతులు మెరుగయ్యేకొద్దీ దాని పరిమితులూ తేలాయి. గర్భిణుల్లో అది సహజంగానే పెరుగుతుంది. హెపటైటిస్, సిర్రోసిస్‌లోనూ పెరగవచ్చు. చిన్న కణితి ఉన్నా ఎందరిలోనో మామూలుగానే ఉంటుంది. అందుకే దానికి తోడు వెతికారు. 1984లో అమెరికాలో హోవర్డ్ లీబ్‌మన్ బృందం, రక్తం గడ్డకట్టేందుకు తోడ్పడే ప్రోత్రాంబిన్ అసహజ రూపంలో ఈ రోగుల్లో పెరుగుతోందని గుర్తించింది. ఇప్పుడు ఇలాంటి మూడు ఆనవాళ్లకు వయసు, లింగం జోడించి ముప్పును లెక్కగట్టే 'గాలాడ్' స్కోరు కూడా వచ్చింది.

అయితే ఎంత మంచి పరీక్ష అయినా ముప్పున్న మనిషికి వేళకు అందితేనే ఫలితం. షాంఘైలో హెపటైటిస్-బి వైరస్ సోకిన లేదా దీర్ఘకాల హెపటైటిస్ ఉన్న 18,816 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు ఆరు నెలలకోసారి ఏఎఫ్‌పీ, అల్ట్రాసౌండ్ ఏర్పాటు చేశారు. పిలిచిన ప్రతిసారీ అందరూ రాకపోయినా, రెండో జట్టుతో పోలిస్తే ఆ జట్టులో కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయని 2004లో వెల్లడించారు.

ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణాల్లో ఒకటైన హెపటైటిస్-బికి 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా టీకా తెచ్చి, సామాన్యుడికి అందుబాటు ధరలో నిలిపింది. పిల్లలకు ఆ టీకా పూర్తిగా వేయిద్దాం. పెద్దలం ఒక్కసారైనా హెపటైటిస్-బి పరీక్ష చేయించుకుందాం. వైరస్ ఉందని తేలినవారు, సిర్రోసిస్ ఉన్నవారు ఒంట్లో బాగానే ఉందని ఊరుకోకుండా డాక్టరు చెప్పిన గడువుకు స్కానింగ్‌, రక్తపరీక్షలకు వెళ్లాలి. చికిత్సకు లొంగే దశలో ఈ జబ్బు దొరికేది ఎక్కువగా అలా వెళ్లినవారిలోనే.